లేదన్న చోట చూపించడం: సఫాయి కర్మచారీ ఆందోళన్ నేర్పిన పాఠాలు

కర్ణాటకలోని కోలార్ బంగారు గనులకు 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దేశంలో చాలా పట్టణాలు ఇంకా నూనె దీపాలతో గడుపుతున్న కాలమది. అదే గనుల పక్కనున్న కార్మికుల కాలనీల్లో 1990ల దాకా పాకీదొడ్లు నడిచాయి. నీళ్లు లేని ఆ దొడ్లలో పడిన మలాన్ని రేకుముక్కతో, చీపురుతో బకెట్లోకి ఎత్తి మోసుకుపోవడం కొన్ని దళిత కుటుంబాలకు తరతరాలుగా అంటగట్టిన పని. అలాంటి ఒక తెలుగు కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పనిని ఆపించాలని అధికారులకు ఉత్తరాలు రాసినప్పుడు మొదట ఎదురైన జవాబు, అసలు ఇక్కడ అలాంటి దొడ్లే లేవని. ఆ జవాబుకు బదులుగా ఆయన ఫొటోలు తీశారు. అవి పత్రికలకెక్కిన తరువాతే గనుల యాజమాన్యంలో కదలిక వచ్చింది. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటి వారి తోడ్పాటుతో, ఈ పనిని రూపుమాపడానికి 1990ల మధ్యలో రూపుదిద్దుకున్న సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థ చరిత్రంతా ఒక రకంగా ఆ మొదటి అనుభవానికి విస్తరణే.

అట్టడుగు వర్గాల హక్కుల కోసం పనిచేసే సంస్థలు సాధారణంగా ఒక అంచనాతో బయలుదేరతాయి. సమస్య ఉందని అందరికీ తెలుసు, పరిష్కరించడానికి ప్రభుత్వం ముందుకు రావడం లేదు, కాబట్టి ఒత్తిడి తేవాలి అన్నది ఆ అంచనా. రోడ్డు, మంచినీళ్లు, పింఛన్ల వంటి విషయాల్లో ఇది చాలావరకు నిజమే. మనిషి మలాన్ని మనిషి చేత ఎత్తించడం వంటి విషయంలో మాత్రం ఎదుటివారు ‘చెయ్యం’ అనరు, ‘లేదు’ అంటారు. ‘చెయ్యం’ అన్నవాడితో వాదించవచ్చు, బేరమాడవచ్చు, ఎన్నికల్లో ఓడించవచ్చు. ‘లేదు’ అన్నవాడితో వాదించాలంటే ముందు ఉన్నదని నిరూపించాలి, ఆ నిరూపణ భారమంతా అన్యాయానికి గురైనవారి మీదే పడుతుంది. సంస్థ నిర్మాణం, నాయకత్వం, డబ్బు, సమయం ఎటు వెళ్లాలో తేల్చేది ఈ తేడాయే. దీన్ని ఆలస్యంగా గుర్తించే సంస్థలు ధర్నాల మీద ఏళ్లు ఖర్చుపెట్టిన తరువాత తమ దగ్గర ఒక్క గట్టి జాబితా కూడా లేదని తెలుసుకుంటాయి.

చట్టం వచ్చినంత మాత్రాన ఈ భారం తగ్గదని 1993 అనుభవం చూపించింది. ఆ ఏడాది పార్లమెంటు పాకీపని చేయించడాన్ని, పాకీదొడ్లు కట్టడాన్ని నిషేధించింది. పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద ఆంధ్రప్రదేశ్, గోవా, కర్ణాటక, మహారాష్ట్ర, త్రిపుర, పశ్చిమ బెంగాల్ శాసనసభలు తీర్మానాలు చేస్తే ఆ చట్టం తయారైంది. మిగతా రాష్ట్రాలు విడివిడిగా దాన్ని ఆమోదించుకోవాలి. అమల్లోకి రావడానికే 1997 దాకా పట్టింది. శిక్ష గరిష్ఠంగా ఏడాది జైలు, రెండు వేల రూపాయల జరిమానా. అయితే అసలు మెలిక కేసు పెట్టే పద్ధతిలో ఉంది: నియమిత అధికారి ముందస్తు అనుమతి లేకుండా విచారణ మొదలు కాదు, ఫిర్యాదు చేయడానికి గడువు మూడు నెలలే. చాలా చోట్ల పాకీదొడ్లను నడిపింది మున్సిపాలిటీలే గనుక, తప్పు చేసిన యంత్రాంగమే తన మీద కేసుకు అనుమతి ఇవ్వాల్సిన పరిస్థితి. ఆ చట్టం కింద ఎవరికైనా శిక్ష పడిన దాఖలాలు దాదాపు లేకపోవడానికి కారణం అధికారుల బద్ధకం ఒక్కటే అనుకోవడం పొరపాటు. చట్టాన్ని రాసిన తీరులోనే ఆ ఫలితం ఉంది. పైగా నిషేధం వచ్చాక ‘లేదు’ అనడానికి అధికారులకు కొత్త కారణం దొరికింది. ఉందని ఒప్పుకుంటే తాము నేరం చేస్తున్నామని ఒప్పుకున్నట్లే.

ఈ స్థితిలో సంస్థ చేతికి తీసుకున్న ప్రధాన సాధనం సర్వే. ఏ ఊళ్లో, ఏ వీధిలో, ఎవరి ఇంట్లో పాకీదొడ్డి ఉంది, దాన్ని ఎవరు శుభ్రం చేస్తున్నారు, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఎవరు ఎంత కూలి ఇస్తున్నారు అన్నవి ఫొటోతో సహా నమోదు చేయడం. ఇది కూర్చుని లెక్కలు కట్టే పనిలా కనిపించినా నిజానికి సంఘాన్ని నిర్మించే పని ఇదే. ఇళ్ల వెనక సందుల్లోంచి వచ్చి వెనక సందుల్లోంచే వెళ్లిపోయే ఆడవాళ్లకు ఏ దొడ్డి ఎక్కడుందో తెలిసినంతగా మున్సిపల్ రికార్డులకు తెలియదు. కాబట్టి సర్వే చేయగలిగింది ఆ కులాల నుంచి వచ్చిన యువకులు, ఆ పని మానేసిన ఆడవాళ్లు. బయటి నుంచి వచ్చిన పరిశోధకులు నెల రోజుల్లో సేకరించలేని సమాచారం వాళ్లకు రెండు పూటల్లో దొరికింది. సమాచారం ఎవరి దగ్గర ఉందో నాయకత్వం వాళ్ల దగ్గర ఉండాలన్న సూత్రాన్ని సంస్థలు ఆదర్శంగా చెప్పుకుంటాయి. ఇక్కడ అది ఆచరణలో తప్పనిసరి అయింది.

అయితే సర్వే మొదలుపెట్టిన వారికి ఎదురైన అసలు కష్టం కార్యాలయాల్లో లేదు, ఇళ్లలో ఉంది. ఈ పని చేసేవాళ్లు కూడా చేయడం లేదనే చెబుతారు. విల్సన్ తల్లిదండ్రులు సైతం తాము చేసే పనేమిటో ఆయనకు చాలాకాలం చెప్పలేదు. తెలుగులో ‘పాకీ’ అన్న మాట తిట్టుగా మారిపోయి ఎన్ని తరాలైందో గుర్తుచేసుకుంటే ఆ మౌనం అర్థమవుతుంది. చుట్టాలకు తెలిస్తే పిల్ల పెళ్లి ఆగుతుంది, బడిలో తెలిస్తే పిల్లవాణ్ని వెనక బెంచీలో కూర్చోబెడతారు, ఇంటి యజమానికి తెలిస్తే అద్దె ఇల్లు పోతుంది. పేరు రాయించుకోమని ఫారం పట్టుకుని వచ్చిన కార్యకర్తకు ఆ తల్లి ఎందుకు జవాబివ్వాలి? రాజ్యం చెప్పే ‘లేదు’కూ, బాధితురాలు చెప్పే ‘లేదు’కూ మూలాలు వేరు. మొదటిది బాధ్యత తప్పించుకోవడానికి, రెండోది మిగిలిన కాస్త గౌరవాన్ని కాపాడుకోవడానికి. మొదటిదాన్ని రుజువులతో ఎదుర్కోవచ్చు. రెండోదాన్ని రుజువులతో ఎదుర్కొనే ప్రయత్నం చేస్తే అది హింస అవుతుంది. పదే పదే వెళ్లి కూర్చోవడం, అదే పని చేసి మానేసిన మరో ఆడమనిషి నోట తన కథ చెప్పించడం, ఈ పని ఆమె తప్పు కాదనీ, ఆమె నెత్తిన పెట్టిన వ్యవస్థ తప్పనీ ఓపికగా మాట్లాడటం తప్ప వేరే దారి లేదు. దాతలకు రాసే నివేదికల్లో ఈ సమయానికి గడి ఉండదు. ఉద్యమం మొత్తం నిలబడింది మాత్రం ఈ సమయం మీదే.

పదాల ఎంపిక కూడా ఇందులో భాగమే. తెలుగు వార్తల్లో రోడ్లు ఊడ్చేవారి దగ్గర నుంచి మ్యాన్‌హోల్‌లో దిగేవారి దాకా అందరినీ ‘పారిశుద్ధ్య కార్మికులు’ అనడం అలవాటైంది. తిట్టుగా మారిన పాత పదాన్ని వదిలేయడం మంచిదే, కానీ ఆ గౌరవప్రదమైన పదం కింద మలం ఎత్తే పని ప్రత్యేకంగా కనిపించకుండా పోయింది. రెల్లి, మెహతర్, మాదిగ వంటి కొన్ని కులాలకే ఈ పని ఎందుకు పరిమితమైందన్న ప్రశ్న కూడా దానితోపాటే మరుగున పడింది. గౌరవం ఇచ్చే పదం, నిజాన్ని చెప్పే పదం రెండూ ఒకటే కావాలని పట్టుబట్టడం చిన్న విషయం కాదు. ఫారంలో ఏ పదం రాస్తారో దాన్నిబట్టే రేపు ఏ పథకం వర్తిస్తుందో తేలుతుంది.

ముందు పని మానాలా, ముందు ప్రత్యామ్నాయం చూపించాలా అన్న వాదన ఉద్యమంలో మొదటి నుంచీ ఉంది. పునరావాసం వచ్చేదాకా ఆగుదామంటే ప్రభుత్వాలు ఎన్నటికీ ఆ మాట పూర్తిచేయవు. ముందే మానేస్తే రేపటి పూట పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్నకు జవాబు లేదు. సఫాయి కర్మచారీ ఆందోళన్ మొత్తం మీద మానేయడం వైపే నిలబడింది. ఆడవాళ్లు మలం మోసే గంపలను నలుగురి ముందు తగలబెట్టడం, కార్యకర్తలు పాకీదొడ్లను గునపాలతో కూలగొట్టడం దాని పోరాట రూపాలయ్యాయి. ఈ నిర్ణయంలో ఒక వాస్తవిక అంచనా ఉంది: పని సాగినంతకాలం ఆ కుటుంబం ప్రభుత్వ దృష్టిలో లేనిదే, పని ఆగి దొడ్లు నిండిపోయిన రోజున మాత్రమే ఆ పని చేసిన మనిషి ఉన్నదన్న సంగతి కాలనీ మొత్తానికి తెలుస్తుంది. అయినా ఆ నిర్ణయం మూల్యం కట్టింది నాయకులు కాదు, గంప కాల్చిన మనిషి. ఊరి పెద్దల బెదిరింపులు, అప్పిచ్చేవాడి ఒత్తిడి, నెలల తరబడి రాని పునరావాస సొమ్ము ఆమె ఒక్కతే భరించాలి. ఇలాంటి పిలుపు ఇచ్చే సంస్థ కనీసం ఆ తరువాతి ఆరు నెలలకు రేషన్, పిల్లల బడి, అవసరమైతే పోలీసు రక్షణ వంటివి ముందే ఆలోచించి పెట్టుకోకపోతే ఆ పిలుపుకు నైతిక బలం ఉండదు. పాకీపనిని నిషేధిస్తూ 2013లో వచ్చిన కొత్త చట్టం కింద గుర్తింపు పొందిన వారికి ఇచ్చే తక్షణ సాయం 40 వేల రూపాయలు. తరతరాల పని నుంచి ఒక కుటుంబం బయటపడటానికి అది ఎన్ని నెలలు సరిపోతుందో లెక్క వేయడం కష్టం కాదు.

శంకరన్ పాత్రను ప్రత్యేకంగా గమనించాలి. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా వెట్టిచాకిరీ నిర్మూలనకు, సాంఘిక సంక్షేమ హాస్టళ్లకు ఆయన చేసిన సేవ తెలుగువారికి తెలిసిందే. త్రిపుర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా కూడా పనిచేశారు. 2010 అక్టోబరులో మరణించేవరకు ఈ ఉద్యమానికి అండగా ఉన్నారు. ఇలాంటి వ్యక్తి ఒక సంస్థలోకి వచ్చినప్పుడు సాధారణంగా వేదిక మధ్య కుర్చీ ఆయనకే దక్కుతుంది, పత్రికలు ఆయన మాటే అడుగుతాయి, కొన్నేళ్లకు సంస్థ ఆయన పేరుతో గుర్తింపు పొందుతుంది. ఇక్కడ అలా జరగలేదు. ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఏ అధికారికి ఏ భాషలో ఉత్తరం రాయాలో, ఏ జీవో కింద ఏ నిధి ఉందో తెలిసిన మనిషి ఆ తెలివిని ఇచ్చి, ముందు వరుసను ఆ కులాల నుంచి వచ్చిన వారికి వదిలారు. బయటి మిత్రుల సాయం అక్కర్లేదని చెప్పే సంస్థలు ప్రభుత్వ యంత్రాంగం ముందు అంధుల్లా తడుముకుంటాయి. ఆ మిత్రుల చేతికే పగ్గాలిచ్చే సంస్థలు రెండో తరానికి నాయకులు లేక మూతపడతాయి. ఈ రెంటి మధ్య దారి ఒక నియమంతో తయారు కాలేదు, ఒక మనిషి నిగ్రహం వల్ల సాధ్యమైంది. కాబట్టి దాన్ని మరో చోట తిరిగి నెలకొల్పాలంటే అలాంటి నిగ్రహాన్ని నిబంధనగా రాసుకోవాల్సి ఉంటుంది: మీడియాతో ఎవరు మాట్లాడాలి, ఢిల్లీ సమావేశాలకు ఎవరు వెళ్లాలి, చెక్కు మీద సంతకం ఎవరిది వంటివి.

2003లో సంస్థ మరికొన్ని సంఘాలతో, వ్యక్తులతో కలిసి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. పదకొండేళ్ల ఈ నిడివిని ఓటమిగా చూడవచ్చు, కానీ ఆ కాలంలో జరిగినది చూస్తే అలా అనిపించదు. కోర్టు రాష్ట్రాలను ప్రమాణపత్రాలు దాఖలు చేయమంది. తమ దగ్గర పాకీపని లేదని రాష్ట్రం తరువాత రాష్ట్రం ప్రమాణం చేసింది. అలా రాసిన ప్రతిసారీ సంస్థ ఫొటోలతో, పేర్లతో ఎదురు సమాచారం పెట్టింది. వాయిదా తేదీలు ఊళ్లలోని సర్వేలకు గడువులుగా మారాయి. అంతవరకు నోటిమాటగా ఉన్న ‘లేదు’ ప్రమాణపత్రం రూపంలో కాగితం మీదికి వచ్చింది, అబద్ధమని తేలితే జవాబు చెప్పాల్సిన స్థాయికి చేరింది. ఈలోగా 2011 జనగణన ఫలితాలు వెలువడ్డాయి. దేశంలో 7.94 లక్షల ఇళ్లలో మలాన్ని మనుషులే ఎత్తిపోస్తున్నారని ఆ లెక్క చెప్పింది. ప్రభుత్వమే తీసిన అంకె ప్రభుత్వాలే చేసిన ప్రమాణాలను కొట్టేసింది. జస్టిస్ పి. సదాశివం, జస్టిస్ రంజన్ గొగోయ్, జస్టిస్ ఎన్.వి. రమణల ధర్మాసనం 1993 నుంచి మురుగుకాల్వల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది, రక్షణ పరికరాలు లేకుండా కాల్వలోకి దింపడం అత్యవసర పరిస్థితుల్లో కూడా నేరమేనంది.

గడువు పెట్టుకోవడం గురించిన పాఠం కాస్త చేదుది. ప్రభుత్వం 2007 నాటికి ఈ పనిని పూర్తిగా రూపుమాపుతానని ప్రణాళిక వేసుకుని తప్పింది. సంస్థ 2010 చివరిని తన గడువుగా ప్రకటించి, ఆ ఏడాది దేశం నలుమూలల నుంచి ఢిల్లీకి సామాజిక పరివర్తన యాత్ర నడిపింది. ఆ గడువులోగా పని పూర్తికాలేదు. అయినా ఆ ఒత్తిడి కొత్త చట్టానికి దారి తీసిన కారణాల్లో ఒకటైంది. 2013 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆ చట్టం మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకుల ప్రమాదకర శుభ్రతను కూడా నిషేధించింది. కార్యకర్తల్లో ఉత్సాహం నింపడానికి గడువు పనికొస్తుంది, నిజమే. అది దాటిపోయిన మర్నాడు ఊళ్లో గంప మోస్తున్న మనిషికి ఏం చెప్పాలో మాత్రం ముందుగా ఆలోచించినవారు తక్కువ.

ఇంతలో సమస్యే రూపం మార్చుకుంది. పాకీదొడ్ల స్థానంలో ఫ్లష్ దొడ్లు వచ్చాయి, వాటి కింద సెప్టిక్ ట్యాంకులు, మురుగు లైన్లు వచ్చాయి, వాటిలోకి దిగే పని అవే కులాల మగవాళ్లకు చేరింది. మురుగులో కుళ్లిన పదార్థం నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముందు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది, కాబట్టి లోపలికి దిగినవాడికి వాసన ఆగిపోయిన క్షణమే అత్యంత ప్రమాదకరమైనది. గాలి కంటే బరువైనది గనుక అడుగునే నిలుస్తుంది. మొదటివాడు పడిపోతే కాపాడటానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా అక్కడే కూలిపోతారు. ఒకే గుంటలో ముగ్గురు నలుగురు చనిపోయారన్న వార్తలకు కారణమిదే. 2015 డిసెంబరు నుంచి 2016 ఏప్రిల్ దాకా 125 రోజుల పాటు సాగిన భీమ్ యాత్రలో, మరణించిన వారి భార్యలు, పిల్లలు ఊరూరా మాట్లాడారు. ‘మమ్మల్ని చంపడం ఆపండి’ అన్నది ఆ యాత్ర నినాదం. గౌరవం, పునరావాసం అన్న భాష నుంచి ప్రాణం అన్న భాషకు సంస్థ మారింది. దాదాపు రెండు దశాబ్దాలు ఒకే డిమాండుతో గుర్తింపు పొందిన సంస్థకు అలా మారడం తేలిక కాదు. మారకపోతే మాత్రం అది గతకాలపు సమస్య మీద పోరాడే సంస్థగా మిగిలిపోయేది.

ఈ మలుపుకు ఒక నష్టం కూడా ఉంది. పాకీదొడ్లు కడిగేవారిలో అత్యధికులు ఆడవాళ్లు. చర్చ మురుగు మరణాల వైపు మళ్లాక కెమెరాలూ పథకాలూ యంత్రాలూ మగవాళ్ల చుట్టూ తిరిగాయి. ఇంకా ఎక్కడైనా గంప మోస్తున్న ఆడవాళ్లు, ముందే మానేసి ఏ పునరావాసమూ అందని ఆడవాళ్లు రెండోసారి కనబడకుండా పోయే ప్రమాదం వచ్చింది. హైదరాబాద్‌లో జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి వెళ్లి మురుగు లైన్లను శుభ్రం చేయగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల సంఘం సహకారంతో తెచ్చింది. యంత్రం ఎవరి సొంతమన్న ప్రశ్నను ముందుకు తెచ్చిన మంచి ప్రయత్నమది. అయితే డ్రైవరు సీట్లో, యజమాని పేరులో ఆడవాళ్లు ఎందరున్నారన్న ప్రశ్న కూడా అడగాల్సినదే.

‘లేదు’ అన్న జవాబు ఇప్పుడు నిర్వచనం చాటుకు చేరింది. మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 2020 చివరికి ముగిసిన అయిదేళ్లలో 340 మంది మరణించారని కేంద్రం 2021లో పార్లమెంటుకు తెలిపింది. అదే ఏడాది జూలైలో, చేతులతో మలం ఎత్తే పని వల్ల మరణాలేవీ నమోదు కాలేదని కూడా పార్లమెంటుకే తెలిపింది. రెండు జవాబులూ సాంకేతికంగా కలిసే ఉంటాయి, ఎందుకంటే చట్టం ఆ రెండు పనులను వేర్వేరుగా నిర్వచించింది. ఇలాంటి చోట ఫొటోలతో పని జరగదు. నిర్వచనాలు చదివి, ఒక్కో పదం మీద పోరాడగల న్యాయ పరిజ్ఞానం సంస్థ లోపలే పెరగాలి.

2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. ఆ సొమ్ము కుటుంబానికి అందుతుందా లేదా అన్నది ఇప్పుడు చాలావరకు మొదటి కొన్ని గంటల్లోనే తేలిపోతోంది. గుంటలోకి దింపినవాడు సబ్ కాంట్రాక్టర్, అతనికి పని ఇచ్చినవాడు ఇంకొకడు, అపార్టుమెంటు సంఘానికి ఎవరి పేరూ తెలియదు. ఆసుపత్రి బయట ఏడుస్తున్న భార్య చేత ‘ప్రమాదవశాత్తు కాలుజారి పడిపోయాడు’ అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. అందుకే అనుభవం ఉన్న కార్యకర్తలు కబురు అందగానే నేరుగా ఆసుపత్రికి, అక్కడి నుంచి పోలీసు స్టేషనుకు వెళతారు. ఎఫ్ఐఆర్‌లో 2013 చట్టం పేరు ఉండేలా, పోస్టుమార్టం నివేదికలో విషవాయువు ప్రస్తావన ఉండేలా, ‘పడిపోయాడు’ అన్న చోట ‘దిగమన్నారు’ అన్న మాటా, దిగమన్నది ఎవరో ఆ పేరూ ఉండేలా పట్టుబట్టి, ఆ కాగితం నకలు ఆమె చేతికి వచ్చేదాకా అక్కడే కూర్చుంటారు.